పూరా తాళం

ఛత్తా బజార్‌కు పెళ్లి కార్డు కోసం వచ్చేవాళ్లు ముందు కాగితం రంగు అడగరు, ముష్తాక్ భాయ్ దుకాణం ఎటు అని అడుగుతారు. అడగాల్సిన అవసరం లేనివాళ్లే ఎక్కువ. ఏడడుగుల దుకాణం అది. లోపల ఒక బల్ల, దాని మీద కంప్యూటరు, గోడకు ఆనించి ఒక బెంచీ. పాతబస్తీలో పెళ్లి చేసిన పెద్దల్లో సగం మంది ఎప్పుడో ఒకప్పుడు ఆ బెంచీ మీద కూచున్నవాళ్లే.

నా పేరు కొండల్. అదే వరసలో నాలుగు దుకాణాల అవతల కంప్యూటర్లు బాగుచేస్తాను. మా ఇంటి పని పాల వ్యాపారం, మా తమ్ముడు ఇప్పటికీ బర్రెలు సాకుతున్నాడు. నాకు తెల్లవారకముందే లేవడం చేతకాక స్క్రూడ్రైవరు పట్టాను. నా సంగతి ముందే ఎందుకు చెబుతున్నానంటే, ఇందులో తప్పు చేసినవాడు ఎవరో మీకు మొదటే తెలియాలి. తప్పు నాది.

ముష్తాక్ భాయ్‌కు యాభై ఎనిమిదేళ్లు. కుర్రతనంలో ఉస్తాద్ దగ్గర ఉర్దూ రాత నేర్చుకుని కలంతో కార్డులు రాసేవాడు. కంప్యూటర్లు రాగానే కలం పక్కన పెట్టి టైపు నేర్చుకున్నాడు. తెలుగు కార్డులు కూడా చేస్తాడు. నా పెళ్లి కార్డు ఆయన చేసిందే. అందులో అచ్చుతప్పు ఒక్కటీ లేదు, తర్వాత సంసారంలో వచ్చినవన్నీ నా సొంతం.

బయటివాళ్లకు పెళ్లి కార్డంటే పువ్వులు, బంగారు రంగు. మా దగ్గర అది ఒక తీర్పు. ఒక ఇంట్లో మొదటి పెళ్లి వచ్చినప్పుడు పెద్దల పేర్లలో ఎవరిది పైన, ఎవరిది కింద అని ఆ బెంచీ మీదే లొల్లి నడుస్తుంది. పెదనాన్న అలుగుతాడు, చిన్నాన్న లేచిపోతాడు, మేనమామను బతిమాలి తీసుకొస్తారు. మూడు నాలుగు సార్లు కూచున్నాక ఒక వరస కుదురుతుంది. ఆ తర్వాత ఆ ఇంట్లో ఎన్ని పెళ్లిళ్లు జరిగినా కొత్త కార్డు అంటూ ఉండదు. "మాది తియ్యి భాయ్" అంటారు, అంతే. ముష్తాక్ భాయ్ పాత ఫైలు తెరిచి పెళ్లికొడుకు, పెళ్లికూతురు పేర్లు, తారీకు మారుస్తాడు. ఈ లోపల పెద్దల్లో ఎవరైనా పోయి ఉంటే ఆ పేరు ముందు 'మర్హూమ్' అని చేరుస్తాడు. తెలుగు కార్డయితే 'కీ.శే.' అని. వరస మాత్రం కదపడు.

అందుకని ఇరవై రెండేళ్లలో ఆయన ఒక్క ఫైలు చెరపలేదు. మూడు వేల పైచిలుకు కార్డులు ఆ ఒక్క డిస్కులో ఉన్నాయి. ఇళ్లలో కార్డు దాచుకునేవాళ్లు తక్కువ. ముష్తాక్ దగ్గర ఉంది కదా అన్న ధైర్యం.

ఆ కార్డులకు గిరాకీ తగ్గింది. జనం పిలుపులు ఫోన్లోనే పంపుకోవడం మొదలుపెట్టారు. కొన్ని నెలలు ఆయన బెంచీ తుడుచుకుంటూ కూచున్నాడు. అప్పుడు ఆయన కూతురు లుబ్నా ఒక పని వెతికి తెచ్చింది. పాత ఇళ్ల, భూముల దస్తావేజులు ఉర్దూ చేతిరాతలో ఉంటాయి, అవి చదవగలిగేవాళ్లు రోజురోజుకూ తగ్గిపోతున్నారు. హైటెక్ సిటీ వైపు ఒక కంపెనీ అలాంటి మనిషి కోసం చూస్తోంది. దుకాణంలో కూచునే పని చేయొచ్చు. ఒకటే షరతు, కంప్యూటర్లో వాళ్ల సెక్యూరిటీ సాఫ్ట్‌వేర్ పెట్టుకోవాలి.

ఆ సాఫ్ట్‌వేర్‌కు కొత్త విండోస్ కావాలి. ముష్తాక్ భాయ్ ఉర్దూ కంపోజింగ్ నడిచేది పాత విండోస్‌లో. ఇంకో కంప్యూటర్ కొనమన్నాను. "పైసలు కూడనీ" అన్నాడు. సరే, ఉన్న డిస్కునే రెండు భాగాలు చేసి ఒకవైపు పాతది ఉంచి, ఇంకోవైపు కొత్తది వేశాను. స్విచ్ వేయగానే నల్ల తెర మీద రెండు వరసలు వస్తాయి, బాణం గుర్తుతో ఒకటి ఎంచుకోవాలి. పైదానికి 'దుకాన్' అని, కిందిదానికి 'నౌకరీ' అని పేర్లు పెట్టాను. ఆయన చూసి మురిసిపోయాడు. ఒకే డబ్బాలో రెండు బతుకులు పెట్టిచ్చినందుకు నాకూ కొంచెం గర్వం కలిగింది.

సెక్యూరిటీ సాఫ్ట్‌వేర్ వేసింది ఒక శుక్రవారం మధ్యాహ్నం. అది ముందు ఒక ఫారం చూపింది. ఈ కంప్యూటర్లో ఇంకో ఆపరేటింగ్ సిస్టమ్ ఏదీ లేదు, ఇది నిజమైతే టిక్ పెట్టండి అంది. టిక్ పెట్టకపోతే ముందుకు కదలదు. నమాజు వేళ దగ్గరపడుతోంది, ఆయన లోపల చేతులు కడుక్కుంటున్నాడు. ఆయనకు చెప్పకుండానే టిక్ పెట్టేశాను. ఇలాంటి ఫారాలు నేను రోజుకు పది నింపుతాను, ఎవడు చదువుతాడు అనుకున్నాను. కింద ఆయన పేరు టైపు చేశాను, అదే సంతకం.

తర్వాత, బయటివాళ్లు ఫైళ్లు చదవకుండా వేసే తాళం గురించి ఇంకో ప్రశ్న వచ్చింది. ఇది మాత్రం ఆయన్నే అడిగాను. "భాయ్, తాళం నౌకరీ వైపే వెయ్యాల్నా, పూరా డిస్కుకు వెయ్యాల్నా అని అడుగుతున్నది."

ఆయన తువ్వాలుతో చేతులు తుడుచుకుంటూ వచ్చాడు. "ఒకళ్ల ఇండ్ల కాగితాలు నమ్మి మన చేతుల పెడుతున్నరు కొండల్. అది అమానత్. అమానత్‌కు సగం తాళమేస్తరా? పూరా వెయ్యి."

పూరా అంటే దుకాణం వైపు కూడా పడుతుంది భాయ్ అని చెప్పాల్సింది. చెప్పలేదు. తాళం పడినా రెండు వైపులా తెరుచుకుంటుందిలే అనుకున్నాను. డిస్కు మీద చెయ్యి వేసేముందు కాపీ తీయడం మా పనిలో మొదటి పాఠం, అదీ చేయలేదు. కాపీకి వాడే పెద్ద డిస్కు సైదాబాద్‌లో మా ఇంట్లో ఉంది. "రేపు తెస్త భాయ్" అన్నాను. ఆ రేపు నాలుగు నెలలు సాగింది.

నౌకరీ మొదలయ్యాక ఆ దుకాణం దుకాణంలా లేకుండా పోయింది. తెర పైన కెమెరా, దాని పక్కన పచ్చ లైటు. పొద్దున తొమ్మిది నుంచి సాయంత్రం ఆరు దాకా ఆయన ముఖం ఆ కెమెరాకు కనపడుతూ ఉండాలి. ఇంకో ముఖం కనపడకూడదు. ఇంకో గొంతు వినపడినా రాసుకుంటుంది. పెన్‌డ్రైవ్ పెట్టకూడదు. మూడు తప్పులైతే పని పోతుంది. ఉర్దూ సాఫ్ట్‌వేర్‌కు ఒక చిన్న ప్లగ్గు ఉంటుంది, అది కంప్యూటర్‌కు పెడితేనే ఆ సాఫ్ట్‌వేర్ నడుస్తుంది. మొదటి వారంలోనే ఒకసారి దాన్ని తీయడం మరిచిపోయి నౌకరీ వైపు వెళ్లాడు, ఒక తప్పు పడింది. ఎదురుగా రబ్బరు స్టాంపులు చేసే రామ్‌చందర్ అలవాటు ప్రకారం టీ తెచ్చి, భుజం మీదుగా వంగి, "ఏం చదువుతున్నవ్ భాయ్" అన్నాడు. అది రెండోది.

ఆ రోజు నుంచి దుకాణం ముందు దుప్పటి కట్టారు. పాతికేళ్లుగా గల్లీకి తెరిచి ఉన్న దుకాణం అది. దారినపోయే ప్రతివాడూ ఆగి సలాం చెప్పేవాడు. ఇప్పుడు దుప్పటి వెనక ముష్తాక్ భాయ్ మెడ తిప్పకుండా కూచుంటాడు. రామ్‌చందర్ టీ గ్లాసు కింది నుంచి లోపలికి జరుపుతాడు. ఒంటిగంటకు అరగంట విరామం, అందులోనే నమాజు, అందులోనే అన్నం. ఆరు దాటాక కంప్యూటర్ ఆపి మళ్లీ వేసి 'దుకాన్' ఎంచుకుని, అప్పుడు కార్డుల వాళ్లను పిలుస్తాడు. "మెడ పట్టేస్తున్నది కొండల్, కానీ ఏడాది చేస్త. పైసలు కూడబెట్టి ఇంకో కంప్యూటర్ కొని ఇడిచిపెడ్త" అనేవాడు. ఆ మాట ఆయనకు ఊరట. నేను విని తల ఊపేవాణ్ణి, ఇంటికెళ్లి డిస్కు తేవడం మరిచిపోయేవాణ్ణి.

నాలుగో నెలలో షౌకత్ బీ మనవరాలి పెళ్లి కుదిరింది. షౌకత్ బీకి డెబ్బై అయిదు దాటాయి, గాజుల దుకాణాల వెనక సందులో ఉంటుంది. చదువు రాదు. ఆవిడ భర్త గఫూర్ సాబ్ ఆరేళ్ల కింద పోయాడు. వాళ్లింటి మొదటి కార్డు ఇరవై ఏళ్ల కిందటిది. ఒక సాయంత్రం వచ్చి బెంచీ మీద కూచుని, "మాది తియ్యి ముష్తాక్" అంది. పెళ్లికూతురు పేరు, పెళ్లికొడుకు పేరు, తారీకు చెప్పింది. "ఆయన పేరు ముందు పెట్టేది నీకు తెల్సు కదా" అని, ఆ మాట నోటితో పలకకుండానే లేచి వెళ్లింది.

ముష్తాక్ భాయ్ కంప్యూటర్ ఆపి మళ్లీ వేశాడు. నల్ల తెర రాలేదు. రెండు వరసలు రాలేదు. నేరుగా నౌకరీ వచ్చి కూచుంది. రెండుసార్లు, మూడుసార్లు వేసి చూసి నన్ను పిలిపించాడు.

అయిదు నిమిషాల్లో నాకు అర్థమైంది. ఆ మధ్యాహ్నం కంపెనీ నుంచి అప్‌డేట్ వచ్చింది. మేము నాలుగు నెలల కింద ఒప్పుకున్న తాళం, అంతవరకు కాగితం మీదే ఉన్నది, ఆ రోజు నిజంగా పడింది. పూరా అన్నాం కాబట్టి పూరా పడింది. దుకాణం వైపు ఫైళ్లు ఎక్కడివక్కడే ఉన్నాయి, కానీ నౌకరీ వైపు నుంచి అవి తెరుచుకోవు, తాళంచెవి కంపెనీ దగ్గర ఉంది. డిస్కు ఊడబెరికి ఇంకో కంప్యూటర్‌కు తగిలిస్తే ఒక్క అక్షరం కనపడదు. కాపీ తీసినా తాళంతోనే వస్తుంది.

మర్నాడు హెల్ప్‌డెస్కుకు ఫోన్ చేశాను. స్రవంతి అనే అమ్మాయి మాట్లాడింది. చాలా మర్యాద. నాకు అలాంటి మర్యాద వింటే ఒళ్లు మండుతుంది, కానీ తప్పు ఆ పిల్లది కాదు. ఎవరి సంగతో అన్నట్టు అడిగాను, "మేడం, ఒకవేళ ఒకళ్ల కంప్యూటర్ల ఇంకో విండోస్ ఉంటే ఎట్ల?"

"ఉండకూడదు సార్. ఫారంలో లేదని ఇస్తారు కదా. ఉందని తెలిస్తే డివైస్ మొత్తం ఇక్కడి నుంచే క్లీన్ చేసేస్తాం."

"మరి పని మానేస్తే? అప్పుడైనా తాళం తీస్తరా?"

"లేదు సార్, అప్పుడు కూడా క్లీన్ అయిపోతుంది. కీ కూడా డిలీట్ అవుతుంది. ఆటోమేటిక్ సార్, మేము చేసేది ఏం లేదు."

ఫోన్ పెట్టేసి లెక్క వేసుకున్నాను. నిజం చెబితే మూడు వేల కార్డులు పోతాయి. పని మానేసినా పోతాయి. ఇంకో తప్పు పడి వాళ్లే తీసేసినా పోతాయి. ఆ పచ్చ లైటు ముందు ఆయన ముఖం ఉన్నంతకాలమే అవి ఉంటాయి, అది కూడా చూడ్డానికి కాదు, ఉన్నాయి అనుకోవడానికి. ఏడాది చేసి విడిచిపెడతానన్న మనిషికి నేను తలుపే లేకుండా చేశాను.

ఒంటిగంటకు దుప్పటి లోపలికి వెళ్లి అంతా చెప్పాను. టిక్ సంగతి కూడా చెప్పాను. ముష్తాక్ భాయ్ అన్నం డబ్బా మూత తీసినవాడు తీసినట్టే ఉన్నాడు.

"నా పేరు మీద పెట్టినవా?"

"పెట్టిన భాయ్."

"అబద్ధం నీది. సంతకం నాది. తిన్న జీతం నాది." ఆయన గొంతు పెంచలేదు. "నాలుగు నెలలు హలాల్ అనుకుని తిన్న కొండల్. నన్ను ఒక్కమాట అడగకపోతివి."

తిడితే పడేవాణ్ణి. చెయ్యి చేసుకున్నా పడేవాణ్ణి. ఆయన డబ్బా మూత పెట్టేసి, విరామం అయిపోయిందని నన్ను బయటికి పొమ్మన్నాడు.

షౌకత్ బీకి మాత్రం ఆయన ఏమీ చెప్పలేదు. సిగ్గు. ఇరవై రెండేళ్లు అందరి వరసా నా దగ్గరుంది అన్న మనిషి, ఇప్పుడు తెరవడం రావట్లేదని ఏ నోటితో చెబుతాడు? పేర్లన్నీ గుర్తున్నాయి కదా అని జ్ఞాపకం మీదే రాసుకుని, పక్క దుకాణం కంప్యూటర్లో కొత్తగా కంపోజ్ చేసి అచ్చు వేయించాడు. గఫూర్ సాబ్ ముగ్గురన్నదమ్ముల్లో రెండోవాడు. అందుకని వయసు ప్రకారం రెండో పేరుగా పెట్టాడు.

తప్పు అక్కడ జరిగింది. ఇరవై ఏళ్ల కింద ఆ బెంచీ మీద కుదిరిన వరస అది కాదు. తండ్రి పోయాక ఇల్లు మోసిందీ, తమ్ముడికీ చెల్లెళ్లకూ పెళ్లిళ్లు చేసిందీ గఫూర్ సాబ్. అన్న ఇల్లు విడిచి వెళ్లి చాలాకాలానికి తిరిగొచ్చాడు. పెద్దలంతా కూచుని, వయసుకు రెండోవాడైనా ఇంటికి పెద్ద ఇతనే అని ఆయన పేరే పైన పెట్టించారు. మూడు వేల కార్డుల్లో ఒక తీర్పు. ముష్తాక్ భాయ్ మరిచిపోయాడు.

కార్డులు పంచాక ఎవరో షౌకత్ బీకి చదివి వినిపించారు. ఆవిడ అడిగితే బావగారి కొడుకులు, "ముష్తాక్ భాయ్ వేసిండంటే పాతదాంట్ల గట్లనే ఉన్నట్టు" అన్నారట. ఆవిడ దగ్గర పాత కార్డు లేదు, ఒక ఏడు వరద నీళ్లు ఇంట్లోకి వచ్చినప్పుడు పెట్టెతో సహా పోయింది. చుట్టాల ఇళ్లన్నీ అడిగించింది. ఎక్కడా దొరకలేదు.

ఇదేదీ మాకు తెలియదు. కార్డులు పంచాక వచ్చిన సోమవారం ముష్తాక్ భాయ్ ఇంకో నిర్ణయం మీద ఉన్నాడు. అబద్ధపు టిక్ మీద జీతం తినడం తన వల్ల కాదని, కంపెనీకి నిజం రాసేస్తానని పొద్దున్నే నాతో అన్నాడు. నన్నే రాయమన్నాడు. నా ఫోన్లో నాలుగు వాక్యాలు రాసి పెట్టాను. ఒంటిగంట విరామంలో ఆయన ఒకసారి విని సరేనంటే పంపాలి. ఆయన ముఖం కొన్ని వారాల తర్వాత తేటగా కనపడింది. "పోతే పోనీ, ఫికర్ లేకుండ పండుకుంట" అన్నాడు.

పదకొండింటికి షౌకత్ బీ వచ్చింది. కర్ర పట్టుకుని దుప్పటి ముందు నిలబడింది. లోపలికి తొంగిచూస్తే మూడో తప్పు పడుతుందని ఆవిడకేం తెలుసు. నేను నా దుకాణం నుంచి చూసి దుప్పటి దగ్గరికి వచ్చేసరికే ఆవిడ మాట్లాడేసింది, అదృష్టం కొద్దీ మెల్లగా.

"ముష్తాక్. ఆయన పేరు కిందికి ఎందుకు జరిపినవ్?"

దుప్పటి పక్క సందులోంచి ఆయన నాకు కనపడుతున్నాడు. చెయ్యి కీబోర్డు మీద ఆగింది. మెడ కదల్లేదు. పెద్దవాళ్లు వస్తే కుర్చీలోంచి లేవకుండా ఆయన ఎప్పుడూ ఉండలేదు. ఇప్పుడు తెరకేసి చూస్తూ పెదవులు బిగించుకుని కూచున్నాడు. చెవులు ఎర్రబడ్డాయి.

"ఏమన్న తప్పు చేసిండా ఆయన? చెప్పరాదు?"

ఆయన మళ్లీ టైపు చేయడం మొదలుపెట్టాడు. షౌకత్ బీ ఆ టకటక కాసేపు విని వెనక్కి తిరిగింది. అవమానం మనిషి నడకలో ఎంత తెలుస్తుందో ఆ రోజు చూశాను. పరుగెత్తి చెయ్యి పట్టుకున్నాను. "ఖాలా, ఇట్ల రా, నేను చెప్త. ఆయన మాట్లాడొద్దు, గంతే. మాట్లాడితే కొంప మునుగుతది."

నా దుకాణంలో కూచోబెట్టి టీ తెప్పించాను. డిస్కంటే ఏమిటో, తాళం ఎలా పడిందో, తాళంచెవి ఎక్కడుందో ఆవిడకు తెలిసే మాటల్లో చెప్పడానికి గంట పట్టింది. నా టిక్ సంగతి కూడా దాచలేదు. ఆవిడ టీ ముట్టుకోకుండా విన్నది.

"అయితే పాత కార్డు ఆ డబ్బాల ఉన్నది."

"ఉన్నది ఖాలా."

"దాంట్ల ఆయన పేరు పైన్నే ఉన్నది."

"పైన్నే ఉంటది. ఎవ్వరు ముట్టలే."

ఒంటిగంటకు పచ్చ లైటు ఆరింది. ముష్తాక్ భాయ్ దుప్పటి తొలగించుకుని పరుగులాంటి నడకతో వచ్చాడు. ఆవిడ ముందు నేల మీద కూచున్నాడు. "మాఫ్ చెయ్యి ఖాలా. తప్పు నాది, యాది మర్చిన. గా నౌకరీ పీడ ఇయ్యాలతోటి వదిలిపోతది. నిజం రాసి పంపిస్తున్నం. ఇగ నీ దిక్కు తిరిగి మాట్లాడనీకి నాకు ఎవ్వని ఇజాజత్ అక్కర్లేదు."

"పంపిస్తే డబ్బాల ఉన్నది ఏమైతది?"

ముష్తాక్ భాయ్ నా వైపు చూశాడు. నేను చెప్పాల్సి వచ్చింది. "పోతది ఖాలా. మొత్తం పోతది."

షౌకత్ బీ కర్ర పక్కన పెట్టింది. ముష్తాక్ భాయ్ తల మీద చెయ్యి వేసింది, చిన్న పిల్లాడికి వేసినట్టు. "నక్కో బేటా. నౌకరీ ఇడ్వకు. ఆయన పేరు పైన ఉన్నది గా ఒక్క జాగలనే. తెరవరాకపోతే రాకపోనీ. ఉన్నదని నేను చెప్పుకుంట. నేనున్నన్ని దినాలన్న చెయ్యి."

ఆవిడ ప్రేమగానే అన్నది. అడగడానికి సిగ్గుపడుతూ అన్నది. ముష్తాక్ భాయ్ గోడ గడియారం వైపు చూశాడు, ఒంటిగంటా ఇరవై. అన్నం తినలేదు, నమాజుకు వెళ్లలేదు. "మంచిది ఖాలా" అన్నాడు.

లేచి వెళ్తూ నా దగ్గర ఆగాడు. ఫోన్ పట్టుకున్న నా చేతిని కిందికి దించాడు.

ఆ నాలుగు వాక్యాలు ఇప్పటికీ నా ఫోన్లో ఉన్నాయి. షౌకత్ బీ వారానికోసారి వస్తుంది. లోపలికి చూడదు, మాట్లాడదు. దుప్పటి బయట రామ్‌చందర్ వేసిన స్టూలు మీద కాసేపు కూచుని, టైపు చేస్తున్న చప్పుడు విని, ఉన్నాడని తెలుసుకుని వెళ్లిపోతుంది. ఆ సంగతి ఆనోటా ఈనోటా గల్లీ అంతా పాకింది. ఇప్పుడు వేరే ఇళ్లవాళ్లూ నన్ను ఆపి, "మాది కూడ దాంట్లనే ఉన్నది కదా కొండలన్నా, ఆయనను జర పని ఇడ్వొద్దని చెప్పు" అంటున్నారు.

చెబుతానంటాను. మా బాపు పోయిన ఏడాది పోయాడు. ఆ డిస్కులో ఉన్న నా పెళ్లి కార్డులో ఆయన పేరు ముందు కీ.శే. లేదు, అక్కడ ఆయన ఇంకా ఉన్నాడు. ముష్తాక్ భాయ్‌కి ఈ మాట నేను ఇంతవరకు చెప్పలేదు. పూరా అన్న గడిలో టిక్ పెట్టిన వేలు నాదే, పని మానుకో భాయ్ అని ఆయనకు చెప్పాల్సినవాణ్ణీ నేనే. రోజూ తొమ్మిదింటికి పచ్చ లైటు వెలిగే వేళకు ఆ దుప్పటి ముందు దాకా వెళ్లి, ఏమీ అనకుండా వెనక్కి వస్తున్నాను.